ఉకులేలే నేర్చుకోండి



ఈసారి గోడపత్రికకు "నాకు నచ్చిన వస్తువు" అనే దాని మీద రాయమని తెలుగు మేడం చెప్పారు. మా క్లాసులో కొందరు సైకిలు గురించి, కొందరు సెల్‌ఫోను గురించి రాస్తున్నారు. నేను ఉకులేలే గురించి రాస్తున్నాను. అది ఎందుకు నేర్చుకోవాలో చెప్తాను. దాంతోపాటు ఇంకొక సంగతి కూడా చెప్పాలి. అది చెప్పేదానికి నాకు భయంగా ఉంది. అందుకని ముందు మంచి సంగతులు రాసి, అది తర్వాత రాస్తాను. దయచేసి చివరిదాకా చదవండి. అన్నం గంట కొట్టారని మధ్యలో వదిలేసి పోవద్దు.

మొదట నా గురించి. మాది ఆత్మకూరు అవతల పెన్న దగ్గర ఒక చిన్న సంఘం. మేము యానాదులం. మా ఇంట్లో పలక పట్టింది నేనే మొదలు. అమ్మా నాయనా వేలిముద్ర వేస్తారు. నాయన చేపలు పడతాడు. నీళ్ళు తగ్గిన కాలంలో ఇద్దరూ జామాయిలు కర్ర కొట్టే పనికి పోతారు. అయిదో తరగతి నుంచి నేను ఇక్కడ ఉదయగిరిలో హాస్టల్లో ఉంటున్నాను. పొద్దున లేస్తే ఎదురుగా దుర్గం కొండ కనపడుతుంది. మొదటి సంవత్సరం ఆ కొండను చూసి ఏడ్చేదాన్ని. మా ఇల్లు దాని అవతల ఉందని, కొండ అడ్డం వచ్చిందని అనుకున్నాను. తర్వాత సోషల్ టీచర్ మ్యాపు చూపించినప్పుడు తెలిసింది, పెన్న అటు కాదు, ఇటు అని. అన్ని దినాలు నేను తప్పు దిక్కు చూసి ఏడ్చాను.

మా తాతకు ఒంటితీగ తంబుర ఉండేది. ఎండిన సొరకాయ బుర్ర, దానికి ఒక కర్ర, ఒక తీగ. అంతే. పని నుంచి వచ్చి అన్నం తిన్నాక తత్వాలు పాడేవాడు. నేను బుర్రకు చెవి ఆనించి పడుకొనేదాన్ని. లోపల తేనెటీగలు ఉన్నట్టు ఉండేది. నేను మూడో తరగతిలో ఉండగా తాత చనిపోయాడు. తంబుర గోడకు తగిలించి ఉంది. ఇంట్లో ఎవరికీ వాయించడం రాదు. ఒకసారి నేను దాన్ని కిందికి తీస్తే అమ్మ, "అది పట్టుకొని తిరిగితే అడుక్కుతినేవాళ్ళు అంటారు పాపా, ఆడ పెట్టు" అనింది. తాత ఎప్పుడూ అడుక్కోలేదు. అయినా నేను పెట్టేశాను. అమ్మ చెప్పింది కదా అని.

పోయిన సంవత్సరం మన స్కూలుకు బి.ఇడి. టీచింగ్ ప్రాక్టీసుకు ఒక అక్క వచ్చింది, అందరికీ గుర్తుంది కదా. ఆ అక్క సాయంకాలం మెట్ల మీద కూర్చొని ఒక చిన్న వాయిద్యం వాయించేది. మనమందరం "బుల్లి గిటారు, బుల్లి గిటారు" అని చుట్టూ చేరినాము. "ఇది గిటారు కాదు, ఉకులేలే" అని అక్క చెప్పింది. పోయే రోజు దాన్ని మనకే ఇచ్చేసింది. దాని వెల పద్దెనిమిది వందల రూపాయలు అని తర్వాత తెలిసింది. వార్డెన్ మేడం దాన్ని బీరువాలో పెట్టి, ఆదివారం నాలుగు నుంచి ఆరు గంటల వరకు ఇస్తారు. తొమ్మిది మందిమి పేర్లు రాయించుకున్నాము. మనిషికి పావుగంట లెక్క అయినా అందరికీ సరిపోదు. మిగిలినవాళ్ళకు పై ఆదివారం.

ఇప్పుడు అది ఎందుకు మంచిదో కారణాలు చెప్తాను.

మొదటి కారణం, అది చిన్నది. మూర కంటే కొంచెం పొడుగు. ట్రంకుపెట్టెలో బట్టల మీద పడుతుంది. ఆరో తరగతి పిల్ల కూడా చంకలో పెట్టుకొని వాయించగలదు. శబ్దం కూడా మెత్తగా ఉంటుంది. పక్క మంచంలో ఒకరు పరీక్షకు చదువుకుంటూ ఉంటే వాళ్ళకు ఇబ్బంది కాదు.

రెండవ కారణం, దానికి నాలుగే తీగలు. గిటారుకు ఆరు ఉంటాయి. అక్క మాకు అర్థం అయ్యేట్టు సరిగమల్లో చెప్పింది. పైనుంచి కిందికి ప, స, గ, ద. అయితే ఇందులో ఒక విచిత్రం ఉంది. పై తీగ మిగతా వాటికన్నా లావు శబ్దం ఇస్తుందని అనుకుంటాము. కానీ అన్నిటికన్నా తగ్గు స్వరం రెండో తీగది. అందుకే వాయిస్తే నవ్వినట్టు ఉంటుంది. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో పిల్లలు ఈ నాలుగు స్వరాలు గుర్తు పెట్టుకొనేదానికి "నా కుక్కకు గోమార్లు" అనే అర్థం వచ్చే నాలుగు మాటలు పాడుకుంటారంట. మేము తొమ్మిది మందిమి దాని బదులు "అన్-నం-తిన్-నా" అని పాడుకుంటాము. మీరు కూడా పాడి చూడండి, సరిపోతుంది.

మూడవ కారణం, మొదటి రోజే ఏదో ఒకటి వచ్చేస్తుంది. అన్నిటికన్నా కింది తీగను మూడో మెట్టు దగ్గర ఉంగరం వేలితో నొక్కి, నాలుగు తీగలూ ఒకసారి మీటితే అది సి కార్డు. ఒక్క వేలు చాలు. పై తీగను రెండో మెట్టు దగ్గర నొక్కితే ఎ మైనర్. దానికీ ఒక్క వేలే. ఎఫ్ కు రెండు వేళ్ళు, జి సెవెన్ కు మూడు. ఈ నాలుగు వస్తే మనం ప్రార్థనలో పాడే పాటల్లో చాలావాటికి సరిపెట్టుకోవచ్చు. లెక్కల్లో నాకు ఏదీ మొదటి రోజే రాలేదు. ఇది వచ్చింది. నాకు మొదటి రోజే వచ్చిన పని ఈ స్కూల్లో ఇదొక్కటే.

నాలుగవ కారణం, దాని తీగలు ఇనుపవి కావు, నైలానువి. వేళ్ళు కోసుకోవు. మొదట్లో కొంచెం నొప్పి ఉంటుంది. వారం పది దినాల్లో వేలికొనలు గట్టిపడతాయి. మా నాయన వేళ్ళు వల లాగి లాగి గట్టిపడినట్టు.

అయిదవ కారణం, వాయిస్తూ పాడవచ్చు. పిల్లనగ్రోవి అయితే నోరు ఖాళీ ఉండదు. ఉకులేలే వాయించేవాళ్ళకు నోరు ఖాళీగా ఉంటుంది. పాడడం రానివాళ్ళు వాయించవచ్చు, వాయించడం రానివాళ్ళు పక్కన పాడవచ్చు. ఒకటే వాయిద్యం ఉన్నా ముగ్గురికి పని దొరుకుతుంది.

కొందరు అక్కలు, "అది ఇంగ్లీషువాళ్ళది, మనకెందుకే" అన్నారు. నాకు జవాబు తెలియలేదు. అందుకని కంప్యూటర్ టీచర్‌ను అడిగితే ల్యాబులో వెతికి చూపించారు. నేను నోట్సులో రాసుకున్నాను. అవి ఇవి.

ఉకులేలే ఇంగ్లీషువాళ్ళది కానే కాదు. పోర్చుగల్ దేశానికి మదీరా అనే దీవి ఉంది. అక్కడినుంచి 1879లో రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో కూలీలు హవాయి దీవులకు వచ్చారు. ఎందుకంటే అక్కడ చెరకు తోటల్లో పనికి మనుషులు కావాలి. ఆ ఓడలో వచ్చినవాళ్ళ దగ్గర చిన్న చిన్న తీగల వాయిద్యాలు ఉన్నాయి. ముగ్గురు వడ్రంగం పనివాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళ పేర్లు మాన్యుయెల్ నూనెస్, జోసే దొ ఎస్పిరితో సాంతో, అగస్తో దియాస్. వాళ్ళు హవాయిలో దొరికే కర్రతో వాటిని చేశారు. అక్కడి రాజు కలకౌవాకు అది నచ్చింది. అట్లా ఉకులేలే అయింది. ఆ మాటకు ఎగిరి దూకే గోమారి అని అర్థం చెప్తారు, వేళ్ళు తీగల మీద అంత బిరబిరా ఎగురుతాయని. మన తలల్లో పేలకు ఎగరడం రాదు కాబట్టి సరిపోయింది.

ఇది చదివినప్పుడు నాకు మా సంఘం వాళ్ళు గుర్తుకొచ్చారు. మావాళ్ళు కూడా కర్ర కొట్టే పనికి లారీ ఎక్కి పోతారు. గిన్నెలు, దుప్పటి, కత్తి పెట్టుకుంటారు. తాత ఉన్నప్పుడు లారీలో తంబుర కూడా పెట్టుకొనేవాడని అవ్వ చెప్పింది. అప్పుడు నాకు అనిపించింది, ఉకులేలే కూలోళ్ళ వాయిద్యమే అని. అందుకే చిన్నదిగా ఉంది.

ఇంకొక సంగతి. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో యు. శ్రీనివాస్ గారు పుట్టారు. మాండలిన్ కూడా మన దేశంది కాదు, యూరప్ నుంచి వచ్చింది. ఆయన ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్నగారి మాండలిన్ పట్టుకున్నారు. పెద్దయ్యాక అందులో కర్ణాటక సంగీతం మొత్తం వాయించి, ప్రపంచమంతా తిరిగారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో చనిపోయారు. అందరూ ఆయన్ను మాండలిన్ శ్రీనివాస్ అనే పిలుస్తారు. వయొలిన్ కూడా బయటినుంచి వచ్చిందే. విజయనగరం సంగీత కళాశాలలో పనిచేసిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు దాన్ని మన ఇంటిదాన్ని చేశారు. కెనడా దేశంలో చామర్స్ డోన్ అనే సంగీతం మాస్టారు 1960ల చివరినుంచి హాలిఫాక్స్ ఊరి బడుల్లో పిల్లలకు ఉకులేలే మీదనే సంగీతం నేర్పించారు. కాబట్టి మనం నేర్చుకుంటే తప్పు లేదు.

మనవాళ్ళవి కూడా చెప్పాలి. దర్శనం మొగిలయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. అది వెదురు బొంగుతో, సొర బుర్రలతో చేస్తారు. ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అదే సంవత్సరం సకిని రామచంద్రయ్య గారికి కూడా ఇచ్చారు. ఆయన కోయ గిరిజనుడు, డోలు వాయించి పాడేవారు. 2024లో చనిపోయారు. మన ఉకులేలే మెట్లు నేను లెక్కపెట్టాను. అవి కూడా పన్నెండే.

ఇప్పుడు చెప్పాల్సిన సంగతి చెప్తాను.

దసరా సెలవులకు ముందు ఉకులేలే పాడైపోయింది. ఒక తీగ తెగిపోయింది, మిగతా మూడు వదులైపోయాయి, తీగల కింద ఉండే సన్నటి తెల్ల ముక్క కూడా పోయింది. ఆ ఆదివారం సంచి మొదట విప్పింది ఆరో తరగతి చెల్లి. కాబట్టి అందరం ఆ చెల్లే పాడుచేసింది అనుకున్నాము. "నేను ముట్టుకోలేదు" అని ఆ చెల్లి ఎంత చెప్పినా ఎవరమూ నమ్మలేదు. ఆమె పేరు లిస్టులోంచి కొట్టేశారు. "ఇట్టాంటివాళ్ళ చేతికి ఇస్తే ఇంతే" అని ఎవరో అన్నారు. ఎవరన్నారో నేను రాయను.

నేను ఇక్కడ "అందరం అనుకున్నాము" అని రాశాను. అది అబద్ధం. నేను అనుకోలేదు. ఎందుకంటే దాన్ని పాడుచేసింది నేను.

దానికి ముందు ఆదివారం చివరి వంతు నాది. తీగలు శ్రుతి తప్పి ఉన్నాయని నీళ్ళ ట్యాంకు వెనక కూర్చొని సరిచేస్తున్నాను. ద తీగ తగ్గి ఉంది. మీటుతూ బిరడ తిప్పాను. స్వరం పెరగలేదు. ఇంకా తిప్పాను. పెరగలేదు. ఇంకా తిప్పాను. ఠప్పుమని తెగింది. తెగింది ద తీగ కాదు, గ తీగ. నేను ఒక తీగ మీటుతూ ఇంకొక తీగ బిరడ తిప్పుతున్నాను. భయంతో ముడి వేద్దామని మిగతా తీగలు వదులు చేశాను. అప్పుడు ఆ తెల్ల ముక్క జారి ఇసుకలో పడింది. చీకటి పడింది. దొరకలేదు. అన్నీ సంచిలో పెట్టి, జిప్పు వేసి, మేడం బీరువాలో పెట్టించాను. మేడం "అయిపోయిందా?" అని అడిగితే "అయిపోయింది మేడం" అన్నాను.

పై ఆదివారం ఆ చెల్లి ఏడుస్తూ ఉంటే నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. నన్ను కూడా "ఇట్టాంటివాళ్ళు" అంటారని భయం. పద్దెనిమిది వందలు కట్టమంటే నాయన ఎక్కడినుంచి తెస్తాడని ఇంకొక భయం. రాత్రి ఆ చెల్లి నా పక్క వరసలోనే పడుకుంటుంది. ముక్కు ఎగబీల్చే శబ్దం వినపడుతూ ఉండేది. దుప్పటి కప్పుకున్నాను. సెలవులు వచ్చేదాకా తొమ్మిది దినాలు అట్లాగే ఉన్నాను.

ఇంటికి పోయినాక నాకు అన్నం పోలేదు. నాయన, "ఏందమ్మే, చేపల కూర పెట్టుకోని ఆడ ఊరికే కూర్చుండావు?" అన్నాడు. మొత్తం చెప్పేశాను. నాయన ఏమీ అనలేదు. గోడకున్న తంబుర వైపు చూసి, "తీగ ఉండేదే తెగేదానికి. తాతది ఎన్నిసార్లు తెగిండాదో" అన్నాడు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అప్పుడు అమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చింది. "తీగ తెంపింది తప్పు కాదులే. ఆ బిడ్డ ఏడస్తా ఉంటే చూస్తా నిలబడుకోనున్నావే, అదీ తప్పు. ఎవరో చేసిన దొంగతనం మన మీద వేస్తే ఎట్టుంటాదో మనకు తెలీదా? తెలిసీ ఎట్టా ఊరుకున్నావు?" అనింది. అమ్మ కొట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

మర్నాడు నాయన వల సామాన్ల బుట్ట తీసి తంగూసు చుట్టలు పరిచాడు. సన్నవి, లావువి చాలా ఉన్నాయి. నేను గుర్తున్నంత వరకు తెగిన తీగ లావు చూపించాను. మూడు రకాలు కత్తిరించి ఇచ్చాడు, ఏదో ఒకటి సరిపోతుందని. గాలానికి వేసే ముడి కూడా నేర్పించాడు. ఉకులేలే తీగలు నైలానువి కాబట్టి చేపల తంగూసు కూడా పనికొస్తుందని నాకు అప్పుడే తట్టింది. తిరిగి వచ్చాక టీచర్‌ను అడిగితే వేరే దేశాల్లో కూడా కొందరు అట్లాగే కట్టుకుంటారని చెప్పారు.

సెలవుల తర్వాత వచ్చిన రోజే వార్డెన్ మేడం దగ్గరికి పోయి చెప్పాను. మేడం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు చెప్పావు, మంచిది. కానీ ఆ పిల్లను అన్నది నేనొక్కదాన్నే కాదు కదమ్మా" అన్నారు. ఆ చెల్లి పేరు మళ్ళీ లిస్టులో రాశారు. ఆమెతో స్వయంగా మాట్లాడారు కూడా. కానీ మేడం మాట నాకు తలలో ఉండిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అప్పుడు అందరి ముందు అన్నారు కాబట్టి ఇప్పుడు అందరికీ తెలియాలి. చెల్లీ, నువ్వు ముట్టుకోలేదు. నేనే చేశాను. నన్ను క్షమించు.

తెల్ల ముక్క ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. మన ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కుతారని మీకు తెలుసు. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రలతో చేస్తారు. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మన ఆయమ్మ ఇంటి పక్కన ఒక అవ్వ ఆ పని చేస్తుంది. ఆయమ్మ కొలత తీసుకొని పోయి చెప్తే, ఆ అవ్వ నర్ది చెక్కతో అగ్గిపుల్లకన్నా కొంచెం వెడల్పు ముక్క చెక్కి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు మన ఉకులేలేలో పెన్న తంగూసు ఉంది, ఉదయగిరి చెక్క ఉంది. శబ్దం ముందుకన్నా కొంచెం మెత్తబడింది. కొత్త తంగూసు సాగుతుంది కాబట్టి మొదటి వారం అయిదు నిమిషాలకొకసారి శ్రుతి తగ్గిపోయింది. ఇప్పుడు నిలబడింది.

నేర్చుకోబోయే వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. బిరడ తిప్పే ముందు ఆ బిరడ ఏ తీగదో వేలు పెట్టి చూసుకోండి. స్వరం మారకపోతే ఇంకా తిప్పవద్దు. ఆగండి. ఒకవేళ తెగితే ఎవరో ఒకరికి వెంటనే చెప్పండి. తీగకు మూడు రూపాయల తంగూసు చాలు. తొమ్మిది దినాలు దాచినదానికి ఏమి కట్టాలో నాకు ఇంకా తెలియలేదు.

నా ఆదివారం వంతులు నాలుగు ఆ చెల్లికి ఇస్తానని చెప్పాను. మొదట ఆమె నాతో మాట్లాడలేదు. పోయిన ఆదివారం వచ్చి పక్కన కూర్చుంది. సి కార్డు చూపించాను. రెండుసార్లకే వచ్చింది. నాకన్నా తొందరగా వచ్చింది.

చివరగా వార్డెన్ మేడం గారికి ఒక మనవి. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మా తాత తంబుర తెచ్చుకోవచ్చా? దానికి ఒకటే తీగ. బీరువాలో పెట్టే పని లేదు, గోడకు మేకు ఉంటే చాలు. ఎవరు అడిగినా ఇస్తాను. అమ్మను అడిగాను. ఈసారి వద్దు అనలేదు. "నువ్వు వాయిస్తే ఎవరేమంటారో చూద్దాంలే" అనింది.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి విద్యార్థిని